వెబ్ పేజీ నుంచి ఫోన్ హార్డ్‌వేర్ - 3వ పాఠం: చెట్టు ఎవరి తోటలో పడింది?

గత పాఠంలో వెబ్ పేజీ నుంచే కెమెరా తెరిచి ఫొటో తీశాం. ఈసారి ఆ ఫొటోకి లొకేషన్ జత చేద్దాం.

ఉదాహరణకి శ్రీకాకుళం వైపున్న మన ఉద్దానాన్నే తీసుకుంటున్నాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటప్పుడు నష్టం లెక్కకి పడిన చెట్టు ఫొటో ఒక్కటే సరిపోదు, ఆ చెట్టు ఎవరి తోటలోదో కూడా తెలియాలి. ఆ పని చేసే పేజీ రాద్దాం.

బ్రౌజర్లో దీనికి జియోలొకేషన్ ఏపీఐ (మన కోడ్ లొకేషన్ అడగడానికి బ్రౌజర్ ఇచ్చే ఫంక్షన్లు) ఉంది. నావిగేటర్.జియోలొకేషన్ లోని గెట్‌కరెంట్‌పొజిషన్ ఫంక్షన్‌కి మూడు ఇవ్వాలి: లొకేషన్ దొరికితే నడిచే ఫంక్షన్, దొరక్కపోతే నడిచే ఫంక్షన్, ఆప్షన్లు. దొరికినప్పుడు ల్యాటిట్యూడ్ (అక్షాంశం), లాంగిట్యూడ్ (రేఖాంశం), ఆక్యురసీ (ఎన్ని మీటర్ల దాకా తేడా ఉండొచ్చో చెప్పే అంకె) వస్తాయి.

మొదటి రెండూ సేవ్ చేసుకుని మూడోది వదిలేసే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. దయచేసి అలా రాయకండి. ల్యాటిట్యూడ్‌లో చుక్క తర్వాత ఐదు అంకెలు కనబడగానే మీటరు తేడా కూడా లేదనిపిస్తుంది. కానీ ఆక్యురసీ 900 అని వచ్చిందంటే, ఫోన్ ఆ బిందువు చుట్టూ 900 మీటర్లలో ఎక్కడైనా ఉండొచ్చు. చిన్న చిన్న కమతాలు పక్కపక్కనే ఉన్నచోట 40 మీటర్లు తేడా వచ్చినా ఒక రైతు చెట్టు ఇంకో రైతు ఖాతాలో పడుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి యూజర్ సుమారు లొకేషన్ మాత్రమే ఇచ్చే వీలు కూడా ఉంది. అది ఇచ్చారో లేదో ఈ అంకె పెద్దదిగా రావడాన్ని బట్టే పసిగట్టాలి.

అందుకే ఈ పేజీకి గెట్‌కరెంట్‌పొజిషన్ కన్నా వాచ్‌పొజిషన్ మేలు. అది ఒకసారి చెప్పి ఊరుకోదు, మెరుగైన లొకేషన్ దొరికే కొద్దీ పంపుతూనే ఉంటుంది. ఆక్యురసీ 15 మీటర్లకు దిగేదాకా ఆగి, సేవ్ చేసి, క్లియర్‌వాచ్‌తో ఆపేయండి. ఆపకపోతే బ్యాటరీ తినేస్తుంది, తుఫాను తర్వాత కరెంటు లేని ఊళ్లో అది చిన్న విషయం కాదు.

ఇక ఆప్షన్లు. ఎనేబుల్‌హైఆక్యురసీ మామూలుగా ఫాల్స్‌గా ఉంటుంది, ట్రూ చేయండి. మాగ్జిమమ్‌ఏజ్ 0 ఉంచండి, పాత లొకేషన్ మనకొద్దు. టైమ్‌అవుట్ దగ్గర కాస్త ఆలోచించాలి. జీపీఎస్ సిగ్నల్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి సెల్ టవర్లు పడిపోయినా పనిచేస్తుంది. అయితే త్వరగా లెక్క తేల్చడానికి ఫోన్ మామూలుగా ఉపగ్రహాల వివరాలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే వాటిని ఉపగ్రహం నుంచే వినాలి, ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పూర్తిగా చెప్పడానికే 30 సెకన్లు పడుతుంది. పది సెకన్ల టైమ్‌అవుట్ పెడితే తోటలో నిలబడిన మనిషికి ఎర్రర్ తప్ప ఇంకేమీ రాదు. 60000 పెట్టండి, ఇది మిల్లీసెకన్లలో. ఈలోగా "వెతుకుతోంది, ఆకాశం కనబడే చోట నిలబడండి" అని తెరమీద తెలుగులో చూపించండి.

ఎర్రర్ కోడ్‌లు మూడే: 1 అంటే అనుమతి ఇవ్వలేదు, 2 అంటే లొకేషన్ దొరకలేదు, 3 అంటే గడువు దాటింది. పేజీ తెరవగానే అనుమతి అడిగితే ఎందుకో అర్థంకాక చాలామంది "బ్లాక్" నొక్కేస్తారు, ఆ తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి మారిస్తే తప్ప బ్రౌజర్ మళ్లీ అడగదు. "ఈ చెట్టు చోటు నమోదు చేయి" అనే బటన్ నొక్కాకే అడగండి.

టెస్టింగ్‌లో చాలామంది ఇరుక్కునేది ఒకచోట. హెచ్‌టీటీపీఎస్ లేని పేజీలకి క్రోమ్ 2016 నుంచి లొకేషన్ ఇవ్వడం మానేసింది. కంప్యూటర్లో లోకల్‌హోస్ట్‌కి (అంటే ఆ కంప్యూటర్ తనని తానే పిలుచుకునే అడ్రస్) మినహాయింపు ఉంది కాబట్టి అక్కడ చక్కగా నడుస్తుంది. అదే పేజీని వైఫై మీద ఐపీ అడ్రస్‌తో ఫోన్లో తెరిస్తే నడవదు. టెన్షన్ పడకండి, యూఎస్‌బీ కేబుల్ పెట్టి క్రోమ్ డెవ్‌టూల్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఫోన్ అడిగింది కేబుల్ మీదుగా కంప్యూటర్‌కి చేర్చడం) చేస్తే ఫోన్లో కూడా లోకల్‌హోస్ట్ అనే తెరుచుకుంటుంది.

అభ్యాసం: ఇంట్లో ఒకసారి, డాబా మీద ఒకసారి, గుబురుగా ఉన్న చెట్ల కింద ఒకసారి ఆక్యురసీ రాసుకోండి. తర్వాత మొబైల్ డేటా, వైఫై ఆపి మూడుచోట్లా మళ్లీ చూడండి. నెట్ లేనప్పుడు అసలు పేజీ ఎలా తెరుచుకుంటుందన్న ప్రశ్న మీకు అప్పుడే వస్తుంది. దానికి సర్వీస్ వర్కర్ (పేజీని ఫోన్లో దాచి నెట్ లేకపోయినా చూపించే స్క్రిప్ట్) కావాలి, 4వ పాఠం దాని మీదే.