నాటకానికి టికెట్ ఎలా కొనాలి? పెట్టిన డబ్బుకు తగ్గ సీటు ఎలా పట్టాలి?

నాటకానికి టికెట్ తీయమంటే మనవాళ్లు సినిమాకు తీసినట్టే తీస్తారు. యాప్ తెరిచి, నేరుగా చివరి వరుసకు పోయి, నడిమధ్యలో నాలుగు సీట్లు నొక్కేస్తారు. సినిమాకైతే అది సరే. తెర మీద మొహమే ఇరవై అడుగులుంటుంది, ఎంత వెనక కూర్చుంటే కళ్లకు అంత హాయి. నాటకంలో నటుడి మొహం మన మొహమంతే ఉంటుంది. దాన్ని పెద్దది చేసి చూపించే కెమెరా అక్కడ లేదు.

ఈ తప్పు నేనూ చేశాను. మా అవ్వను మొదటిసారి పద్యనాటకానికి తీసుకుపోయినప్పుడు, పెద్దావిడ కదా మంచి సీటు ఉండాలని బాల్కనీలో చివరి వరుస తీశాను. కాటిసీను మొదలైంది. హరిశ్చంద్రుడు కొడుకు శవం ముందు నిలబడి పద్యం ఎత్తుకున్నాడు, హాలంతా కదలకుండా వింటోంది. అవ్వ నా చెయ్యి తట్టి, "మాట ఇనపడ్తాంది గానీ మొగం కనపడల్యా నాయనా" అంది. ఆ మొహం చూడ్డానికే ఆమె అంత దూరం వచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లోనే కాదు, మా వీధిలో ఎవరు నాటకానికి పోవాలన్నా టికెట్లు నేనే తీసిపెడుతున్నాను. ఇప్పటికీ జనం అదే తప్పు చేస్తుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

ముందుగా కావలసినవి

ఫోన్, యూపీఐ, పోస్టర్ మీద ఉన్న నిర్వాహకుల నెంబరు. ఇంతే. యాప్‌లో ముందే లాగిన్ అయి ఉండండి. సీట్లు ఎంచుకున్నాక డబ్బు కట్టడానికి యాప్ కొన్ని నిమిషాలే సమయం ఇస్తుంది, అప్పుడు ఓటీపీ కోసం వెతుక్కుంటే పట్టుకున్న సీట్లు పోతాయి.

1. అసలు టికెట్ ఉందో లేదో కనుక్కోండి

మన వైపు చాలా నాటకాలకు టికెట్టే ఉండదు. అనంతపురం లలితకళా పరిషత్‌లో గానీ, కర్నూలు టీజీవీ కళాక్షేత్రంలో గానీ పరిషత్తు నాటక పోటీలు జరిగితే ఎక్కువగా ప్రవేశం ఉచితమే. శివరాత్రి జాగారానికి పల్లెల్లో ఆడే నాటకాల సంగతి చెప్పనక్కర్లేదు, చాప తీసుకుపోతే చాలు. ఉచితమైన చోట మనం పెట్టే ధర టైమే. అరగంట ముందు పోతే మంచి కుర్చీ, పది నిమిషాలు ముందు పోతే గోడవార కుర్చీ.

టికెట్ ఉందంటే మాత్రం కొనండి, పాసు కోసం ఎవర్నీ అడక్కండి. టికెట్టు మీద ఆడి, ఆ డబ్బుతోనే కుటుంబాలకు కుటుంబాలు బతికిన సురభి నాటక సమాజం వాళ్లు మన కడప జిల్లా వాళ్లే. 1885 లో సురభి అనే ఊళ్లో కీచకవధ ఆడటంతో వాళ్ల ప్రయాణం మొదలైంది. పేరున్న రంగస్థల నటుడు బళ్లారి రాఘవ 1880 లో పుట్టింది మన తాడిపత్రిలో. అలాంటి నేల మీద ఉంటూ నూటయాభై రూపాయల టికెట్ దగ్గర "ఎవరైనా తెలిసినోళ్లు ఉన్నారా" అని అడగటం నాకు నచ్చదు. పైగా పాసు మీద పోతే సీటు ఎక్కడిస్తే అక్కడ కూర్చోవాలి, ఎంచుకునే హక్కు మనకుండదు.

2. రోజు ఎంచుకోండి

రెండు మూడు రోజులు ఆడుతుంటే రెండో రోజుకే తీయండి. మొదటి రోజు జ్యోతి వెలిగించడం, ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి పొద్దుపోతుంది. ఆరున్నరకని పిలిస్తే ఎనిమిదికి తెర లేస్తుంది. పైగా ఆ రోజు ముందు వరుసలన్నీ అతిథులకే. చివరి రోజు నటుల గొంతులు అలిసిపోయి ఉంటాయి, పద్యనాటకానికైతే అది బాగా తెలుస్తుంది. రెండో రోజుకు లైట్లూ మైకులూ సర్దుకుంటాయి, గొంతూ తాజాగా ఉంటుంది.

అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కు నాటకం కోసం పోతుంటారు. రెండు దారులూ ఇంచుమించు 210 కిలోమీటర్ల పైనే. తిరుగు బస్సు టికెట్ చూసుకున్నాకే నాటకం టికెట్ తీయండి. రాత్రి ఏడున్నర ఆటకు సీటు పట్టేసి, తర్వాత బస్సు టైము చూసుకుని, ఆఖరి సీను వదిలేసి పరుగెత్తిన వాళ్లను చాలామందిని చూశాను. బెంగళూరు జేపీ నగర్‌లో రంగశంకర అని ఒక నాటకశాల ఉంది, 2004 లో మొదలైంది. అక్కడ ఆలస్యంగా వస్తే టికెట్ చేతిలో ఉన్నా లోపలికి పంపరు. ఆ పద్ధతి అన్ని ఊళ్లలోనూ ఉండాలని నా కోరిక.

3. సీటు ఎంచుకోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

యాప్‌లో సీట్ల పటం తెరవగానే మొదట స్టేజీ ఎటుందో వెతకండి. పటం పైనో కిందో ఒక గీత గీసి "స్టేజ్" అని రాసి ఉంటుంది. కొన్ని హాళ్లలో 'ఎ' (A) అక్షరం వరుస స్టేజీ ముందుంటుంది, కొన్నిటిలో అదే వరుస అన్నిటికన్నా వెనకుంటుంది. ఒకసారి వేరే ఊళ్లో ఒక హాలుకు "బి వరుస దొరికింది" అని సంబరపడి మూడు టికెట్లు తీశాను. పోయి చూస్తే అది వెనక నుంచి రెండో వరుస. అక్షరాన్ని నమ్మొద్దు, స్టేజీ గీతను నమ్మండి.

తర్వాత, ముందు వరుస కోసం పోటీ పడకండి. మన హాళ్లలో స్టేజీ మూడు నాలుగు అడుగుల ఎత్తుంటుంది. మొదటి వరుసలో కూర్చుంటే మెడ పైకెత్తి చూడాలి, నటుల పాదాలు కనపడవు, వెనక కూర్చున్న పాత్ర సగమే కనపడుతుంది. స్టేజీకి రెండు పక్కలా కింద సౌండ్ బాక్సులు పెడతారు. ముందు మూడు వరుసల్లో ఆ పక్కల కూర్చున్నవాళ్లకు పద్యం కాదు, మోతే వినపడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ ధర పెట్టేది ఈ సీట్లకే.

మరీ వెనక్కూ పోవద్దు. ఇరవై మీటర్లు, అంటే దాదాపు అరవై ఐదు అడుగులు దాటితే మొహంలో భావం సరిగా తెలియదు. నాటకశాలలు కట్టేవాళ్లు కూడా ఈ లెక్కే చూసుకుంటారు. వరుసకు మూడడుగులు వేసుకోండి, స్టేజీకీ మొదటి వరుసకీ మధ్య ఖాళీ కలుపుకోండి. పదిహేనో వరుస దాటాక నటుడి కళ్లు మీకు అందవు. నేల వాలుగా ఉన్న హాలైతే ఐదు నుంచి తొమ్మిదో వరుస దాకా తీయండి. నేల చదునుగా ఉండి కుర్చీలు వేసిన హాలైతే మూడు నుంచి ఐదు, అంతకు వెనక పోతే ముందువాళ్ల తలకాయలే.

ఇక పక్కలు. స్టేజీ వెడల్పు ఎంతో ఆ వెడల్పు లోపలే మీ సీటు ఉండాలి. దాటి పక్కకు పోతే ఒక మూల పోయినట్టే. ఏ మూల పోతుందో తెలుసుకోవడానికి నేనొక పని చేస్తాను. హాలు మన ఊళ్లోదే అయితే పొద్దున పోయి వాచ్‌మన్‌ను అడిగి ఆ కుర్చీలో కూర్చుంటాను. అక్కడి నుంచి ఎదుటి పక్క వింగ్ (స్టేజీ పక్కన తెర చాటు) లోపల నిలబడ్డ మనిషి కనపడ్డాడంటే, నా పక్కన ఉన్న స్టేజీ మూల అంత మేరకు నాకు కనపడదు. ఎడమ చివర కూర్చుంటే కుడి వింగ్‌లో నటులకు మాటలు అందించే ప్రాంప్టర్ కాగితాలు తిప్పడం కనపడుతుంది, ఎడమ మూల మంచం మీద పడుకున్న పాత్ర మాత్రం కనపడదు. ఐదు నిమిషాల పని. ఎవరూ చేయరు.

నాటకాన్ని బట్టి కూడా సీటు మారుతుంది. సురభి నాటకాలకు దగ్గరికి పోకండి. గాల్లో ఎగరడం, మాయమవడం, తెరలు మారడం అంతా కొంత దూరం నుంచి చూస్తేనే అద్భుతం. ముందు కూర్చుంటే తీగ కనపడుతుంది, పక్కన కూర్చుంటే తీగ లాగే మనిషి కనపడతాడు. పిల్లల్ని తీసుకుపోతే ఇది ఇంకా ముఖ్యం. హాలు మధ్యలో, మధ్య గీత మీదే కూర్చోబెట్టండి. సాంఘిక నాటకానికి దగ్గరగా, మూడో నాలుగో వరుస. అక్కడ చిన్న చూపు, పెదవి కదలికే నాటకం. పద్యనాటకానికి హార్మోనిస్టు ఏ పక్క కూర్చుంటాడో కనుక్కుని మధ్య నుంచి ఆ పక్కకు రెండు సీట్లు జరగండి. నటుడు రాగం తీస్తూ అటే చూస్తాడు, శ్రుతి అందుకునే ఆ క్షణంలో మొహం మీకు ఎదురుగా ఉంటుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. పటంలో ధరను బట్టి రంగులు మారుతుంటాయి. ఒక రంగు ముగిసి ఇంకో రంగు మొదలయ్యే గీత దగ్గరే మీ సీటు ఉంది. ముందు ఆరు వరుసలు 500, ఏడో వరుస నుంచి 300 అనుకోండి. ఆరో వరుసకూ ఏడో వరుసకూ తేడా మూడడుగులు. నలుగురికి 800 రూపాయలు మిగులుతాయి, అనంతపురం నుంచి వచ్చిన బస్సు ఖర్చులో కొంత అక్కడే తిరిగొస్తుంది. ఎప్పుడూ తక్కువ ధర బ్లాకులో మొదటి వరుసే తీయండి. ఎక్కువ ధర బ్లాకులో చివరి వరుస తీయడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

అయితే ఒక జాగ్రత్త ఉంది. ఆ రెండు బ్లాకుల మధ్య చాలా హాళ్లలో అడ్డంగా నడవ ఉంటుంది. పటంలో ఖాళీగా, చక్కగా కనపడుతుంది. కాళ్లు చాపుకోవచ్చు, ముందు తలకాయ ఉండదు అనుకుంటాం. నాటకం రోజు పోయి చూస్తే ఆ నడవలో వీడియో కెమెరా స్టాండు పెట్టి ఉంటుంది, లేదా అనుకోకుండా వచ్చిన అతిథుల కోసం ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటారు. అందుకే బుక్ చేసే ముందు పోస్టర్ మీది నెంబరుకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. "అన్నా, వీడియో కెమెరా ఎక్కడ పెడతారు? ముందు ఎన్ని వరుసలు అతిథులకు ఆపుతున్నారు? టికెట్ మీద సీటు నెంబరు ఉంటుందా, ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవడమేనా?" ఎవరూ విసుక్కోరు. నాటకం ఆడించేవాళ్లకు సీటు గురించి ఇంత శ్రద్ధగా అడిగే మనిషి దొరకడమే సంతోషం. ఒకసారి నేనిలా అడిగితే, ఆయనే "కెమెరా మధ్యలో పెడతాం, మీరు కుడి పక్క నాలుగో సీటు నుంచి తీసుకోండి" అని చెప్పారు.

సీటు నెంబర్లు లేవంటే ఎక్కువ ధర టికెట్ కొనడం దండగ. తక్కువది కొని ముప్పావుగంట ముందు పోండి. బాల్కనీలో మొదటి వరుస మంచిదని చెప్పేవాళ్లున్నారు. కూర్చుంటే ముందున్న రెయిలింగ్ సరిగ్గా స్టేజీ మీద గీత గీసినట్టు అడ్డొస్తుంది. పెద్దవాళ్లు వస్తుంటే మెట్లు కూడా చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నడవ పక్క సీటే, వేరే మాట లేదు.

4. డబ్బు కట్టండి

నాటకం టికెట్ 500 రూపాయలు దాటకపోతే దానిమీద జీఎస్టీ లేదు. దాటితే పడుతుంది. ఆన్‌లైన్‌లో తీస్తే టికెట్టుకింత అని కన్వీనియన్స్ ఫీజు వేస్తారు, ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. నలుగురికి తీస్తే నాలుగుసార్లు. కాబట్టి హాలు మన ఊళ్లోదే అయి కౌంటర్‌లోనో, నిర్వాహకుల దగ్గరో టికెట్లు అమ్ముతుంటే అక్కడే కొనండి. ఫీజు మిగులుతుంది, సీట్ల పటం కాగితం మీద ఎదురుగా పెట్టుకుని మాట్లాడొచ్చు కూడా.

ఆన్‌లైన్‌లో కడుతున్నప్పుడు డబ్బు పోయి టికెట్ రాలేదంటే టెన్షన్ పడి రెండోసారి కట్టొద్దు. పది నిమిషాలు ఆగండి, యాప్‌లో మీ బుకింగులు తెరిచి చూడండి, బ్యాంకు మెసేజ్ దాచుకోండి. నాటకం టికెట్లు ఎక్కువగా వెనక్కి తీసుకోరు, రెండుసార్లు కొంటే రెండోది ఎవరికైనా అమ్ముకోవాల్సిందే. తేదీ, టైము, హాలు పేరు కట్టకముందే ఒకసారి గట్టిగా చదువుకోండి. టికెట్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, హాలు గుమ్మం దగ్గర సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు.

5. ఆ రోజు

ఇరవై నిమిషాలు ముందే సీట్లో ఉండండి. మీ సీట్లో ఎవరైనా కూర్చుని ఉంటే "సార్, ఇది మా నెంబరు" అని టికెట్ చూపించి మర్యాదగా అడగండి, తెర లేవకముందే. "ఎక్కడో ఒకచోట కూర్చోండి లెండి" అంటే ఒప్పుకోవద్దు. ఇంత వెతికి పట్టిన సీటు అది. వాలంటీరును పిలవండి.

ఫోన్ ఆపేయండి. వైబ్రేషన్ కాదు, పూర్తిగా. టికెట్టు చించి పారేయకండి, విరామం తర్వాత కొన్నిచోట్ల మళ్లీ అడుగుతారు. ముందు వరుసల్లో అతిథులు సన్మానం అయిపోగానే వెళ్లిపోతారు, ఆ సోఫాలు ఖాళీ అవుతాయి. అటు పోదామని పక్కవాళ్లు లేపుతారు. లేవకండి. మెడ నొప్పి సంగతి పైన చెప్పాను కదా.

మా అవ్వను రెండోసారి తీసుకుపోయినప్పుడు ఏడో వరుస, హార్మోనియం పక్కకు రెండో సీటు తీశాను. 300 టికెట్. అదే కాటిసీను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.