భయం పట్టుకున్నప్పుడు దేవుని సన్నిధిని ఆశ్రయించడం ఎలా

బైబిల్లోని 23వ కీర్తన నెమ్మదిగా చదవండి. మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుణ్ణి "ఆయన" అంటాడు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ రాగానే ఆ "ఆయన" కాస్తా "నీవు" అవుతుంది. అప్పటిదాకా దేవుని గురించి చెప్తున్నవాడు, లోయలోకి దిగగానే దేవునితోనే మాట్లాడుతున్నాడు. మనం చేయాల్సిందీ అదే. భయం వేస్తే చాలామంది దేవుని గురించి ఆలోచిస్తూ ఉండిపోతారు, ఆయనతో నోరు విప్పరు.

ముందు ఆ భయం దేని గురించో చెప్పండి. "ప్రభువా, నాకు భయంగా ఉంది" అని ఆపేయకండి. "రేపు వచ్చే రిపోర్టులో ఏముంటుందోనని భయపడుతున్నాను, నువ్వు ఇక్కడే ఉన్నావు" అనండి. పక్కన ఎవరైనా నిద్రపోతుంటే పెదాలు కదిపినా చాలు. ఫలానా అని తేల్చని భయం ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి పాకుతూనే ఉంటుంది.

తర్వాత ఒక్క వచనం పట్టుకోండి. పది వద్దు. 56వ కీర్తన 3వ వచనం చిన్నది: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." శత్రువులైన ఫిలిష్తీయులు గాతు పట్టణంలో దావీదును పట్టుకున్నప్పటిదని ఆ కీర్తన శీర్షికే చెబుతుంది. తనకు భయమే లేదని అతడు అనలేదు, చూడండి. మొదటి సగం ఊపిరి పీలుస్తూ, రెండో సగం వదులుతూ మనసులో అనుకోండి. పీల్చినదానికన్నా వదిలేటప్పుడు ఎక్కువసేపు పట్టాలి, గుండె దడ తగ్గేది అప్పుడే. ఇలా ఐదు నిమిషాలు. వచనాన్ని మాత్రం మనసు కుదురుగా ఉన్న రోజుల్లోనే కంఠతా పట్టాలి. రాత్రి 2 గంటలకు దానికోసం ఫోన్ తెరిస్తే వార్తల్లోకి జారిపోతారు.

ఎక్కువమంది తడబడేది ఆ తర్వాతే. ప్రార్థించినా గుండె బరువు దిగలేదు కాబట్టి దేవుడు దగ్గర లేడనుకుంటారు. మార్కు సువార్త 4వ అధ్యాయంలో తుఫాను పడవను ముంచెత్తుతున్నప్పుడు యేసు ఆ పడవలోనే ఉన్నాడు, తలగడ మీద తలవాల్చి నిద్రపోతున్నాడు. ఆయన ఉన్నాడా లేడా అన్నది శిష్యుల గుండె దడను బట్టి తేలే విషయం కాదు. గంటలోనే భయం తిరిగొస్తే విశ్వాసం లేదని మిమ్మల్ని మీరు నిందించుకోకండి, అదే ప్రార్థన మళ్ళీ చేయండి. తనను పట్టుకోబోయే ముందు గెత్సేమనే తోటలో యేసు కూడా మూడోసారి అవే మాటలు చెప్పి ప్రార్థించాడు.

ఒంటిని పస్తు పెట్టి, నిద్ర మాన్పించి ఆత్మకు ధైర్యం చెప్పాలని చూడకండి. చంపిస్తానన్న యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, చావే మేలనుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు బోధ చేయలేదు. తినమన్నాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు హోరేబు కొండ దగ్గర అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. భయం వారాల తరబడి నిద్రనూ పనినీ చెడగొడుతుంటే డాక్టర్‌ను కలవండి, ప్రార్థనా మానకండి.

ఇంట్లో చేయి చేసుకునే మనిషి వల్ల కలిగిన భయమైతే సంగతి వేరు. అక్కడ కూర్చుని ఓర్చుకోవడం విశ్వాసం కాదు, ముందు సురక్షితమైన చోటికి వెళ్ళండి. సౌలు రాజు ఈటె విసిరితే దావీదు పక్కకు తప్పుకున్నాడు, ఆ రాత్రే కిటికీలోంచి దిగి పారిపోయాడు.