క్లీన్ ఛానెల్‌లో గరగర: గిటార్ సౌండ్ ఎక్కడ పగులుతోంది?

డిస్టార్షన్ పెడల్ ఆఫ్‌లో ఉంది. ఆంప్ క్లీన్ ఛానెల్‌లోనే ఉంది. అయినా కార్డ్ కొట్టగానే పాత గుడ్డ చించినట్టు 'బర్ర్'మంటోంది. ఇలాంటప్పుడు అందరం ముందు ఆంప్ మీదే పడతాం. నేనూ అంతే. ఆంప్‌ని బండి మీద పెట్టుకుని రిపేర్ షాపుకి మోసుకెళ్తే స్పీకర్ మార్చాలన్నారు. తీరా చూస్తే దొంగ గిటార్ వెనక మూత కింద ఉన్న 9 వోల్టుల బ్యాటరీ.

కాబట్టి ముందు రెండు చిన్న పరీక్షలు. కేబుల్ పీకేసి, గిటార్ బాడీకి చెవి ఆనించి వాయించండి. గరగర అక్కడే వినిపిస్తే అది కరెంటు గొడవ కాదు, తీగ ఫ్రెట్‌కి తగులుతోంది. తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయించుకోవాలి. లేదంటే పెడల్స్ అన్నీ పక్కన పెట్టి, ఒకే కేబుల్‌తో గిటార్‌ని నేరుగా ఆంప్‌కి కలపండి. రోగం పోయిందంటే పెడల్స్ దగ్గరే ఉందన్నమాట.

గట్టిగా కొడితేనే పగులుతోంది

ఇదే ఎక్కువగా ఎదురయ్యే కేసు. ఎక్కడో ఒక చోట సిగ్నల్ పట్టనంతగా వస్తోంది. అదెక్కడో గిటార్ వాల్యూమ్ నాబే చెప్పేస్తుంది. 10 నుంచి 6కి దించి, అంతే గట్టిగా కొట్టండి.

సౌండ్ శుభ్రపడితే, పగులు నాబ్ తర్వాత ఉంది: పెడల్‌లోనో ఆంప్‌లోనో. ఆంప్ మీద గెయిన్ తగ్గించి మాస్టర్ పెంచండి. ఈ రెండూ ఒకటే పని చేస్తాయనుకునే వాళ్లు చాలామంది. గెయిన్ అంటే మొదటి దశలోకి ఎంత తోస్తున్నాం అన్నది, మాస్టర్ అంటే బయటికి ఎంత వదులుతున్నాం అన్నది. సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న గిటార్‌కి చక్కగా పలికిన సెట్టింగే, ఎక్కువ సిగ్నల్ ఇచ్చే హంబకర్ పికప్ ఉన్న గిటార్ తగిలించగానే పగలొచ్చు. ఆంప్‌కి 'లో' (Low) అని రెండో ఇన్‌పుట్ ఉంటే అందులో పెట్టి చూడండి.

సౌండ్ చిన్నదైంది గానీ గరగర అలాగే ఉందా? అప్పుడు పగులు నాబ్‌కి ముందే జరిగిపోయింది. ఒకసారి పగిలాక, తర్వాత ఎంత తగ్గించినా అతుక్కోదు. ఈఎంజీ కంపెనీ చేసేలాంటి యాక్టివ్ పికప్స్, అంటే బ్యాటరీతో నడిచేవి, ఉన్న గిటార్‌లో నేను ముందు అనుమానించేది బ్యాటరీనే, ఎందుకంటే వాటి ప్రీఆంప్ (సిగ్నల్‌ని ముందుగా పెంచే సర్క్యూట్) పికప్ లోపలే ఉంటుంది. బ్యాటరీ దిగిపోయే కొద్దీ మెల్లగా మీటితే బాగానే పలుకుతుంది, గట్టిగా కొడితే చిట్లుతుంది. ఇంకా దిగితే నోట్ సాగకుండా మధ్యలోనే తెగిపోతుంది. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ మల్టీమీటర్ మీద 9 దాటి చూపిస్తుంది. మీది 8 కింద ఉంటే ఆలోచించకుండా మార్చేయండి. ఇంకో మాట. ఈ గిటార్లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు పిన్ను పీకడం అలవాటు చేసుకోండి.

రికార్డింగ్‌లో మాత్రమే పగులుతోంది

సూత్రం అదే. ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మీద లైట్ ఎర్రబడుతోందంటే అక్కడే పగిలింది. సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ దించితే పగిలిన సౌండే చిన్నగా వినిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్' (ఇన్‌స్ట్రుమెంట్) బటన్ నొక్కి, మీరు ఎంత గట్టిగా కొట్టినా మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకోండి. గుళ్లోనో చర్చిలోనో ప్రోగ్రామ్‌కి గిటార్‌ని నేరుగా మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చితే కూడా ఇదే తంతు, పైగా సౌండ్ మొద్దుబారుతుంది. మధ్యలో డీఐ బాక్స్, అంటే గిటార్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె, పెట్టాలి.

పెడల్ పెడితేనే వస్తోంది

ముందు అడాప్టర్ చూడండి. 9 వోల్టులైతే చాలదు, పెడల్ అడిగినన్ని మిల్లీఆంపులు కూడా ఇవ్వాలి. డిజిటల్ డిలే, రివర్బ్ పెడల్స్‌కి ఆకలి ఎక్కువ. నాలుగు పెడల్స్‌ని ఒకే చిన్న అడాప్టర్‌కి గొలుసు కడితే ముందు అవే మొరాయిస్తాయి. పిన్ మధ్యలో నెగటివా పాజిటివా అన్నది పెడల్ మీద బొమ్మతో సరిపోల్చుకున్నాకే గుచ్చండి. తేడా వస్తే పెడలే పోవచ్చు.

కదిలిస్తే టపటపమంటోంది

లూజు జాక్, లేదా నాబ్ కింద దుమ్ము. జాక్ నట్టు బిగించండి. నాబ్‌లోకి ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరినూనె పోసిన మహానుభావుణ్ణి కూడా చూశాను, దయచేసి వద్దు.

ఒక నోట్‌కి మాత్రమే గురగుర

ఆంప్ మీద పెట్టిన తాళాలు, చిల్లర తీసేయండి. వెనక స్క్రూలు బిగించండి. బ్యాండ్ రూములో అయితే పక్కనున్న స్నేర్ డ్రమ్ తీగలు కూడా మీ నోట్‌కి వంత పాడుతుంటాయి. ఇవేవీ కాకపోతే, ఆంప్ ఆపేసి, స్పీకర్ కోన్‌ని రెండు చేతుల వేళ్లతో నాలుగు వైపులా సమంగా మెల్లగా నొక్కండి. లోపల ఇసుక రాసినట్టు గీరుకుంటే కాయిల్ రాసుకుంటోంది, స్పీకర్ మార్చాల్సిందే.

ట్యూబ్ ఆంప్ అయితే మాత్రం లోపలి చాసీ విప్పకండి. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఆ పని తెలిసిన టెక్నీషియన్‌కే వదిలేయండి. వెళ్లేటప్పుడు గిటార్ కూడా పట్టుకెళ్లండి.