ఎడారి రాతిలో పాచి జాడ పట్టడం

దక్షిణాఫ్రికాలోని లింపోపో రాష్ట్రంలో మఖాబెంగ్ పీఠభూమి ఉంది. అక్కడి ఇసుకరాయి దాదాపు 200 కోట్ల ఏళ్ల నాటి ఎడారి. మొక్కలు ఇంకా పుట్టని ఆ కాలంలో, ఆ ఇసుక మీద సూక్ష్మజీవులు పాచిలా పరచుకుని బతికాయనడానికి ఆనవాళ్లు దొరికాయని పరిశోధకులు 2013లో ప్రచురించారు. నా విద్యార్థులు వాటి ఫొటోలు చూడగానే “శిలాజం ఎక్కడుంది?” అని అడుగుతారు. శరీరం కోసం వెతకవద్దు. ఆ పాచి ఇసుకను ఏం చేసిందో చూడండి.

ఏటవాలు పొరలు కనిపిస్తే అవి గాలి పేర్చిన తిన్నెలు. వాటిని దాటి, తిన్నెల నడుమ వాననీరు నిలిచిన పల్లాల్లో ఏర్పడిన పలుచని, చదునైన పొరల దగ్గరికి వెళ్లండి. పొద్దున్నే, లేదా సాయంత్రం వెళ్లాలి. ఎండ ఏటవాలుగా పడితేనే గీతలకు నీడ వస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే రాయి ఉత్త బండలా కనిపిస్తుంది.

ముందుగా చుట్టల కోసం చూడండి. మామిడి తాండ్రను చాప మీద నుంచి ఒలిచి చుడితే విరగదు, గుజ్జు దాన్ని పట్టి ఉంచుతుంది. మామూలు బురద పెచ్చు ఎండితే అంచులు కాస్త లేస్తాయి, చుట్టబోతే పుటుక్కున విరుగుతుంది. మఖాబెంగ్‌లో బురద పొరలు తాండ్రలాగే చుట్టుకుని ఇసుకలో పూడిపోయాయి. వాటిని పట్టి ఉంచింది సూక్ష్మజీవుల జిగురే.

తర్వాత ఇసుకలో నెర్రెలు. పొడి ఇసుక రాలుతుందే గానీ నెర్రె విచ్చదు. విచ్చిందంటే దాన్ని ఏదో బంధించిందన్నమాట.

రాతి పొర మీద కనిపించే ముడతలను మాత్రం నేను చివర్లోనే నమ్ముతాను, ఇతర కారణాలతోనూ అలాంటివి ఏర్పడతాయి. ఒకే పొరలో రెండు మూడు రకాల గుర్తులు కలిసి ఉంటేనే నిర్ధారణకు రండి. ఆపైన పరిశోధకులైతే రాతిని 0.03 మిల్లీమీటర్ల పలుచన వరకు అరగదీసి, సూక్ష్మదర్శిని కింద అలలు తిరిగిన నల్లని సన్నని పొరలున్నాయేమో చూస్తారు.

నమూనా కోసం తొందరపడి సుత్తి ఎత్తవద్దు. ఆ పీఠభూమి రాళ్ల మీద పూర్వీకులు వేసిన బొమ్మలున్నాయి. పరిమాణం తెలిసేలా పక్కన నాణెం పెట్టి ఫొటో తీస్తే మీకు చాలు.

కన్ను అలవాటు పడాలంటే వేసవిలో మీ ఊరి చెరువు అంచుకు వెళ్లండి. ఎండి చుట్టుకున్న పాచి పెచ్చును తీసి, మెల్లగా విప్పి, తిరగేయండి. అడుగున ఇసుక రేణువులు అంటుకుని ఉంటాయి. వేలితో గీకినా అంత తేలిగ్గా రాలవు.