చీమకుర్తి దుమ్ము, నా ఫోన్ మైకు

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ దగ్గర నా పని. గెలాక్సీ అనే ఇక్కడి నల్ల రాయి మెరుపు సంగతేమో గానీ, దాని దుమ్ము మాత్రం చొక్కా జేబుల్లో కూడా ఉంటుంది. పోయిన నెల అమ్మ ఫోన్‌లో, "ఏరా, బావిలోంచి మాట్లాడుతున్నావా?" అంది.

నెట్‌వర్క్ అనుకుని సిమ్ తీసి పెట్టాను. లాభం లేదు. స్పీకర్ ఆన్ చేస్తే మాత్రం గొంతు బాగానే వెళ్తోంది. అక్కడ దొరికింది గుట్టు. స్పీకర్‌లో నా ఫోన్ పైనున్న రెండో మైకు వాడుతోంది, మూగబోయింది కింది మైకే.

ఇవి సిలికాన్ మైకులు. లోపలి పొర వెడల్పు ఇంచుమించు ఒక మిల్లీమీటరు, మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ. మన వెంట్రుకే దానికి యాభై రెట్లు లావు! మాట తగిలితే ఆ పొర నానోమీటర్లలో కదులుతుంది. ఎదురుగా ఉన్న చిల్లుల పలకకూ దానికీ మధ్య కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యం, మారుతుంది. అదే సిగ్నల్. అందులో గుండుసూది పెడితే ఇక అంతే.

ఒంగోలు షాపులో కుర్రాడు బ్లోయర్ తీశాడు. "వద్దు తమ్ముడూ, ఆ గాలికి పొర చిరుగుతుంది" అని ఆపాను. మూత తీయించి, మైకు ముందున్న రబ్బరు తొడుగు లాగిస్తే, దాని జాలీ మీద చెమటతో కలిసి గట్టిపడిన బూడిదరంగు దుమ్ము. తొడుగును విడిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక బిగించాడు. మైకు రంధ్రం జోలికి పోలేదు.

అక్కడినుంచే అమ్మకు చేశాను.

"అరవకురా, వినపడుతోంది" అంది.