విదేశాల్లో విరాళాల కోసం పాడబోతున్నారా? ముందే చూసుకోవాల్సినవి

సెమిస్టర్ పరీక్షలయ్యాక మీ అకపెల్లా (వాయిద్యాలు లేకుండా గొంతులతోనే పాడే) బృందం దుబాయ్‌కో, అమెరికాకో వెళ్లి సేవ కోసం పాడాలనుకుంటోందా? చాలా మంచి ఆలోచన. కానీ టికెట్లు కొనకముందే డబ్బు సంగతి తేల్చుకోండి. నలుగురికీ మేలు చేసే పనే కదా, ఎవరేమంటారు అనుకునే దగ్గరే పిల్లలు ఇరుక్కుంటారు.

దుబాయ్‌లో అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ విరాళాలు అడగకూడదు. దీనికి 2021లో చట్టమే చేశారు. కచేరీ అయ్యాక డబ్బా తిప్పినా, వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టినా నేరమే. కాబట్టి అక్కడ లైసెన్సున్న సంస్థ పిలిస్తేనే, వాళ్ల పేరు మీదే పాడండి.

ఆ డబ్బు హైదరాబాద్‌లోని ఏ అనాథాశ్రమానికో చేరాలంటే ఇంకో చిక్కుంది. విదేశీ విరాళం తీసుకునే సంస్థకు 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు ఇవ్వడమూ కుదరదు. భారత పాస్‌పోర్టున్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్న బాబాయి ఇస్తే అవుతుంది. ఈ తేడా చాలామందికి తెలియదు. నా మాట వినండి, బృందంలో ఎవరి సొంత ఖాతాలోకీ ఒక్క రూపాయి రానివ్వకండి. ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి నేరుగా సంస్థకే వెళ్లాలి.

అమెరికాకైతే, పైసా తీసుకోకుండా పాడే ఔత్సాహికులకు బీ-2 (పర్యాటక) వీసా ఉంది. కానీ పెళ్లి సంగీత్‌లకు డబ్బు తీసుకుని పాడే అలవాటున్నవాళ్లకు ఇది వర్తించకపోవచ్చు, అక్కడ ఉచితంగా పాడినా సరే. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఊరు చూడటానికి అని చెప్పకండి, పాడటానికే వెళ్తున్నామని చెప్పండి. సినిమా పాటలు పాడేటట్టయితే హాలుకు ప్రదర్శన లైసెన్సు (ఆ పాటలు వేదికపై పాడేందుకు హక్కుదారుల అనుమతి) ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగండి.

ఇక గొంతు. మనకున్న వాయిద్యం అదొక్కటే. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ ఇరవై శాతం కూడా ఉండదు. దానికి తోడు ఇంజన్ హోరులో మాట వినపడాలని అందరూ గొంతు పెంచుతారు. మేం వెళ్లినప్పుడు దారంతా అంత్యాక్షరి ఆడారు. దిగిన రెండో రోజుకే మా బేస్ (అన్నిటికన్నా కింది స్వరం) పాడే అబ్బాయి గొంతు పోయింది, ఐదు పాటల్లో మూడు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ పిల్లాడు ఏడుస్తుంటే చూడలేకపోయాను. అప్పటినుంచి ప్రతి పాటనూ ఒకరు తక్కువైతే ఎలా పాడాలో కూడా సాధన చేయిస్తున్నాను. బేస్‌కీ, నోటితోనే తాళం వేసే బీట్‌బాక్స్‌కీ రెండో మనిషి తప్పకుండా ఉండాలి. విమానంలో మాటలు తగ్గించి, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ ఉండండి. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకోకండి, దానివల్లా అలసిపోతుంది.

దగ్గు వస్తుందేమోనని సిరప్ పెట్టుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. కోడీన్ (కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే మత్తు మందు) ఉన్న మందులపై దుబాయ్‌లో కఠినమైన నియంత్రణ ఉంది. ముందస్తు అనుమతి, డాక్టర్ చీటీ లేకుండా తీసుకెళ్లకండి. గసగసాలు అక్కడ నిషేధం. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొడిలో అవి ఉన్నాయేమో అడిగి చూసుకోండి. ఆవకాయ సీసాను చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులోనే పెట్టండి.

శంషాబాద్ బయల్దేరే రోజు సాధన పెట్టుకోకండి. అప్పటికే టెన్షన్‌తో నిద్ర ఉండదు, మే ఎండకు అందరూ ఐస్ నీళ్లు తాగేసి ఉంటారు. దిగిన రోజు కూడా కచేరీ ఒప్పుకోకండి. ఒక రాత్రి నిద్రపోయి, పొద్దున్నే శ్రుతి చూసుకుని, సాయంత్రం పాడండి.