గాజు మీద కుప్రస్ ఆక్సైడ్ పొర ఎలా పెంచాలి?

సిలికాన్ రాజ్యం రాకముందే, 1920లలో, రాగి ఆక్సైడ్ రెక్టిఫయర్లు (కరెంటును ఒకే దిశలో పారనిచ్చే పరికరాలు) పనిచేసేవి. అప్పట్లో రాగి రేకును కొలిమిలో కాల్చి ఈ కుప్రస్ ఆక్సైడ్ (ఎర్రటి రాగి ఆక్సైడ్) పొర తెప్పించేవారు. ఇప్పుడు 60 డిగ్రీల ద్రావణం, కాస్త కరెంటు ఉంటే చాలు.

అసలు పనంతా ద్రావణంలోనే ఉంది. 40 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 10 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగించి, 85 శాతం లాక్టిక్ ఆమ్లం 26 మి.లీ. పోయండి. (రైతులు బోర్డో మిశ్రమానికి వాడేదీ మైలుతుత్తమే గానీ, ఇక్కడ ల్యాబ్ గ్రేడ్ సరుకే కావాలి.) తర్వాత చిక్కటి కాస్టిక్ సోడా ద్రావణాన్ని చుక్కచుక్కగా కలపాలి. బీకరు బాగా వేడెక్కుతుంది కాబట్టి ఐసు నీళ్లలో ఉంచండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఆమ్లం లేకుండా సోడా పోస్తే రాగి హైడ్రాక్సైడ్‌గా అడుక్కి దిగిపోతుంది. పెరుగుకు పులుపునిచ్చే ఈ ఆమ్లమే రాగి అయాన్లను పట్టుకుని నీటిలో నిలుపుతుంది.

పీహెచ్ ఎంత ఉండాలన్నది మీకు కావలసిన స్ఫటికాన్ని బట్టి. 9 దగ్గర స్ఫటికాలు (100) దిశలో, 12 దగ్గర (111) దిశలో పెరుగుతాయి (ఈ అంకెలు స్ఫటికంలో దిశలకు పెట్టిన గుర్తులు). మొదటిసారైతే 12 దగ్గర మొదలుపెట్టమంటాను. పీహెచ్ కుదిరాక నీళ్లు పోసి మొత్తం 100 మి.లీ. చేయండి. మళ్లీ ఒకసారి పీహెచ్ చూడండి, నీళ్లు పోశాక కొంచెం జరుగుతుంది.

ఎఫ్‌టీవో గాజును (ఒకవైపు కరెంటు పారే పారదర్శక పూత ఉన్న గాజు) సబ్బునీళ్లతో, అసిటోన్‌తో కడిగి, కరెంటు పారే వైపేదో మల్టీమీటర్‌తో తేల్చుకోండి. ఇది మరిచిపోయి తిరగేసి పెట్టేవాళ్లు చాలామంది. ఆ వైపును ప్లాటినం ఎలక్ట్రోడ్ ఎదురుగా ముంచి, సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో (వోల్టేజీని పోల్చి కొలిచే ఎలక్ట్రోడ్) పోలిస్తే మైనస్ 0.4 వోల్టులు ఇవ్వండి. పొర మందాన్ని గడియారంతో కాదు, ఛార్జితో కొలవాలి: చదరపు సెంటీమీటరుకు 0.8 కూలూంబులు పారితే దాదాపు 1 మైక్రాన్.

తీసి కడిగి ఆరబెడితే ఇటుక ఎరుపు రంగు పొర కనిపించాలి. రాగిలా మెరిస్తే వోల్టేజీ మరీ రుణాత్మకమైందన్నమాట. ఎక్స్‌రే పరీక్షలో కుప్రస్ ఆక్సైడ్ గీత 36.4 డిగ్రీల దగ్గర, లోహపు రాగి గీత 43.3 దగ్గర వస్తాయి. పొరను గాలిలో గట్టిగా కాల్చకండి, నల్లటి క్యుప్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకండి, రాగి చేపలకు విషం.

పొర పీ-టైపేనా (ధనావేశపు ‘హోల్స్’ కరెంటును మోసే సెమీకండక్టరేనా) అని చూడటానికి సోడియం సల్ఫేట్ నీటిలో ముంచి దీపం వేసి ఆర్పండి. వెలుతురు పడ్డప్పుడల్లా కాథోడ్ కరెంటు పెరగాలి. కొద్ది సెకన్లు చాలు. ఎక్కువసేపు వెలిగిస్తే వెలుతురు పుట్టించిన ఎలక్ట్రాన్లు మీ పొరనే తిరిగి రాగిగా మార్చేస్తాయి.